ఎర్ర వ్యానులో ముందు సీటు

మా ఆయన ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపారు. ఆయన నడిపే బస్సు నేను ఎక్కింది ఒక్కసారే. పెళ్ళయిన రెండో నెలలో, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెంలో మా పిన్నిగారింటికి వెళ్ళడానికి మా అత్తగారితో కలిసి ఎక్కాను. భీమడోలు దాటాక బస్సు వెళ్ళి ముందు పోతున్న గడ్డి బండిని వెనకనుంచి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎడ్లు కూడా నిక్షేపంగా ఉన్నాయి. బస్సు ముందు అద్దం నిండా మాత్రం గడ్డి పడింది. ఆయన కిందికి దిగి బండివాణ్ణి బతిమాలుకుంటూ గడ్డి లాగేస్తున్నారు. లోపల మా అత్తగారు అందరికీ వినపడేలా, "ఇది ఎక్కింది, బండి గుద్దింది" అనేశారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, నా మొహం కూడా చూడకుండా, "ఇంకెప్పుడూ నా బస్సు ఎక్కకు" అన్నారు మా ఆయన. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

నేను ఏడ్చే రకం కాదు. ఎక్కొద్దన్నారు, ఎక్కలేదు. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా ముప్పై ఏళ్ళు పనిచేశాను. ట్రైనింగులకని, పేపర్లు దిద్దడానికని ఎన్నిసార్లో తాడేపల్లిగూడెం వెళ్ళాల్సొచ్చేది. బస్టాండులో ముందు స్టీరింగు దగ్గర ఎవరున్నారో చూసేదాన్ని. ఆయనుంటే తరవాతి బస్సుకి వెళ్ళేదాన్ని. కండక్టర్లకి ఇదంతా తెలుసు. "మేడంగారూ, ఈ బస్సు మీకు పనికిరాదండి, సారే ఉన్నారు" అని దూరం నుంచే కేకేసేవారు. నేనూ నవ్వేసేదాన్ని. లోపల మాత్రం ముల్లు అలాగే ఉండిపోయింది. నా పాదం మంచిది కాదని ఈయన కూడా నమ్మారా? హెడ్మాస్టర్లతో, ఇన్‌స్పెక్టర్లతో నిలబడి వాదించినదాన్ని. ఈ ఒక్క ప్రశ్న అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు. అవునంటారేమోనని భయం.

ఇద్దరం ఒకే ఏడాది రిటైరయ్యాం. గాజులు చేయించుకుంటావా అని అడిగారు.

"గాజులొద్దు. మీరు నడిపే బండిలో మూడు రోజులు ముందు సీటు కావాలి. మనిద్దరం తప్ప ఇంకెవరూ ఉండకూడదు. నాకు కొల్లేరు చూపించండి" అన్నాను.

ఏలూరులో పుట్టి పెరిగి, కొల్లేటి చేప తినడమే తప్ప కొల్లేరును సరిగ్గా చూసింది లేదు. చలికాలం ముందు వచ్చే పక్షుల గురించి ఏటా పేపర్లో చదవడమే. ఆయన లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఇంకేముంది, నా పాదమే కారణం అనుకున్నాను. కానీ వారం తిరక్కుండా వట్లూరులో ఒక కాలేజీ వాళ్ళు అమ్మేస్తున్న పాత వ్యాను తోలుకొచ్చి ఇంటి ముందు పెట్టారు.

నెల రోజులు దానిమీదే కూర్చున్నారు. తనతో పనిచేసిన మెకానిక్కులు వచ్చి ఇంజను విప్పి మళ్ళీ బిగించారు. లోపలి సీట్లన్నీ పీకేసి, ఓ పక్క పొడుగ్గా చెక్క మంచం వేయించారు. బస్సు సీట్లు కుట్టే సాయిబుగారు దానికి కొలత ప్రకారం పరుపు కుట్టి, అడక్కుండానే కిటికీలకి పూల తెరలు కూడా కుట్టి తెచ్చారు. "అమ్మగారు పడుకుంటారు కదండీ, ఎండ కొట్టకుండా ఉంటాదని" అన్నారు. ఓ మూల చిన్న గ్యాసు పొయ్యి, పైన కుళాయి బిగించిన నీళ్ళ డబ్బా. మా వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. ఇళ్ళలాంటి బళ్ళు టీవీలో చూడ్డమే గానీ ఏలూరులో ఎవరూ చూడలేదు మరి.

రంగు ఒక్కటే మిగిలింది. లేత నీలం వేయించమన్నాను. సరేనని తీసుకెళ్ళారు. సాయంత్రం చూద్దును కదా, వ్యాను ఎర్రగా వచ్చింది. అచ్చం ఎర్ర బస్సు. పైన మీగడ రంగు పట్టీతో సహా.

"ఇదేంటండీ?"

"మంచి రంగు. దూరానికి కనిపిస్తాది" అన్నారు, తడుముకోకుండా. ఆయన కంటికి బండి అంటే ఆ రంగే ఉండాలి. నేను చెప్పిన రంగు ఆయన చెవికైనా ఎక్కిందో లేదో నాకిప్పటికీ అనుమానమే.

ఆ రంగు ఎంత పని చేస్తుందో మర్నాడు పొద్దున్నే తెలిసింది.

కార్తీకం వచ్చిన వారం అది. వానలు వెనకపట్టాయి. ఎండలో మంట పోయింది, చేలు పసుపు తిరుగుతున్నాయి. కొల్లేటికి తన పాత గూడెం రూటులోనే, ఐదూ నలభైకి బయల్దేరదీశారు. తొందరేముందండీ అంటే, "ఫస్టు బస్సు టైము అదే కదా" అన్నారు. స్టీరింగు కళ్ళకద్దుకున్నారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను ఎర్ర అంచు చీర కట్టుకుని, ఇద్దరికీ రెండు పూటలకి సరిపడా పులిహోర కలుపుకుని, ముందు సీట్లో కూర్చున్నాను. మహారాణిలా కూర్చున్నానని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

దెందులూరు దగ్గర గోంగూర మూటలతో నిలబడ్డ ఒక ముసలావిడ చెయ్యెత్తింది. చెయ్యి కనిపించగానే ఈయన కాలు బ్రేకు మీదికి పోయింది. వ్యాను తలుపు సరిగ్గా ఆవిడ ఎదురుగా వచ్చేలా ఆగింది. అందులో మా ఆయన్ని మించినవాళ్ళు లేరని డిపో అంతా చెప్పుకునేది.

"గూడెం వెళ్ళుద్దా బాబూ?"

"ఎక్కండమ్మా."

ఆవిడ ఎక్కి, లోపల అటూ ఇటూ చూసి, "సీట్లేవి బాబూ? మంచం వేశారేంటి?" అంది.

"కొత్త మోడలమ్మా" అన్నారు మా ఆయన.

నేను ఆయన వైపు చూశాను. ఆయన రోడ్డు వైపు చూశారు. తరవాత ఎవరు చెయ్యెత్తినా ఆపడమే. భీమడోలులో నలుగురు ఎక్కారు. నల్లజర్ల బస్సు దొరికే చోట దింపమని ఇద్దరు ఎక్కారు. గూడెంలో ఉల్లిపాయల కొట్టున్న షావుకారు ఒకాయన ఖాళీ గోనెల కట్టతో ఎక్కి, నా కొత్త పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మొత్తం పదకొండుమంది. కళ్ళజోడు, భుజానికి బ్యాగు చూసి నన్నేమనుకున్నారో, వెనకనుంచి ఒకావిడ, "మేడంగారూ, టిక్కెట్లు కొట్టరేంటండీ?" అని అడిగింది. దారిలో ఒక పిల్ల ఆకలని ఏడిస్తే పులిహోర గిన్నె తెరిచాను. తెరిచాక పదకొండు మందికీ పెట్టకుండా ఎలా ఉంటాం? గూడెం చేరేసరికి గిన్నెలో మిగిలినవి ఎండుమిరపకాయలే.

ముందు సీటు మాత్రం వదల్లేదు. మోకాళ్ళ నొప్పులాయన ఒకరు ఎక్కి, మూలుగుతూ నా సీటు పక్కనే నిలబడ్డారు. అయినా లేవలేదు. అందుకు సిగ్గుపడలేదు కూడా.

గూడెంలో అందరూ దిగాక వ్యాను ఓ చెట్టు నీడన పెట్టించి చెప్పాను. "ఇంకొక్క మనిషిని ఎక్కించారంటే నేను దిగిపోతాను. బస్సెక్కి ఏలూరు వెళ్ళిపోతాను. మూడు రోజులు మనిద్దరమే అన్నాను. మీకు ఆ మాటకి అర్థం తెలుసా?"

"సరేలే, ఆపను" అన్నారు.

అన్నమాట నిలబెట్టుకున్నారు. ఆ రాత్రి అక్కడే వ్యానులో పడుకుని, మర్నాడు గణపవరం మీదుగా కాలవ గట్టు రోడ్డు పట్టాం. రెండు పక్కలా చేలు, మధ్య మధ్య చేపల చెరువులు. ఊరూరా చేతులు లేస్తూనే ఉన్నాయి. ఈయన ఆపలేదు. ప్రతి చెయ్యికీ తన చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, ఏమనుకోకండన్నట్టు ఊపుతూ పోయారు. చేపల తట్ట నెత్తిన పెట్టుకున్న ఒకామె బండి వెనకాలే నాలుగడుగులు పరుగెత్తింది. ఆమె కనుమరుగయ్యే దాకా ఈయన పక్క అద్దంలో చూస్తూనే ఉన్నారు. గెలిచింది నేను. పక్కనున్నాయన మాత్రం మొగుడిలా లేరు, ఉరిశిక్ష పడ్డ మనిషిలా ఉన్నారు.

ఆకివీడు దాటాక కాఫీ హోటలు దగ్గర ఆపారు. బల్లమీద ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ముప్పై నాలుగేళ్ళుగా అడగనిది నోట్లోంచి ఊడిపడింది.

"నాతో రావడం ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది. నా పాదం మంచిది కాదని మీరు కూడా నమ్ముతుంటే, ఈ వ్యాను ఎందుకు, ఈ రంగులెందుకు?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "పాదమేంటి?"

"గడ్డి బండి గుద్దినప్పుడు మీ అమ్మగారు అన్నది. ఇది ఎక్కింది, బండి గుద్దిందని."

"నేను కింద ఉన్నాను కదే. వినలేదు." నిజంగానే వినలేదని ఆ మొహం చూస్తే తెలుస్తోంది. "అమ్మ అలా అందా? నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"మరి నన్ను ఎందుకు ఎక్కొద్దన్నారు?"

చాలాసేపు గ్లాసు అటూ ఇటూ తిప్పారు. హోటలాయన ఇంకో కాఫీ కావాలేమో అనుకుని వచ్చి వెళ్ళాడు.

"నువ్వు మూడో వరసలో, కిటికీ పక్కన కూర్చున్నావు. నా నెత్తిమీద అద్దంలో కనబడతన్నావు. చూస్తా ఉండిపోయాను. గడ్డి బండి కనబడలేదు." గొంతు తగ్గించారు. "డిపోలో మెమో ఇచ్చారు. బ్రేకు పట్టలేదని రాసిచ్చాను. అబద్ధం. మళ్ళీ ఎక్కితే మళ్ళీ చూస్తాను కదా. నలభై మంది ప్రాణాలు బస్సులో. అందుకని ఎక్కొద్దన్నాను."

"ముప్పై నాలుగేళ్ళండీ! ఆ ఒక్క ముక్క చెప్తే మీకేం పోయేది?"

"ఇలాంటివి ఎలా చెప్తారే? సిగ్గుగా ఉండదూ?"

నాకు కోపం వచ్చింది. గ్లాసు తీసి ఆయన నెత్తిమీద పోద్దామన్నంత కోపం. దానితో పాటే ఇరవై నాలుగేళ్ళ పిల్లకి రావాల్సిన సంతోషం, యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఒక్కసారిగా వచ్చి పడింది. ఏం చేయాలో తెలియక నా కాఫీ చల్లారిపోయేదాకా చేత్తోనే పట్టుకుని కూర్చున్నాను. ఆ తరవాత కైకలూరు దాకా నేను కిటికీలోంచి చేపల చెరువులే చూస్తూ కూర్చున్నాను. ఈసారి మాటిమాటికీ పక్కకి తిరిగి చూసే వంతు ఆయనదయింది.

మూడో రోజు పొద్దున్నే కొల్లేరు చూశాను. ఆ ఏడాదే లోపలి చేపల చెరువుల గట్లు చాలావరకు కొట్టేశారు. కంటికి ఆనినంత మేరా నీళ్ళే. గూడబాతులు చెట్ల నిండా కూర్చుని, సంచుల్లాంటి ముక్కులు ఊపుకుంటూ పంచాయతీ పెట్టుకున్నట్టున్నాయి. ఒకటి నీళ్ళమీదికి దిగుతూ కాళ్ళు ముందుకు చాచింది. అది సరిగ్గా తన జట్టు పక్కన వచ్చి ఆగితే, "చూశావా, ఎంత బాగా ఆపిందో" అన్నారు మా ఆయన. వ్యానులో పొయ్యి వెలిగించి ఉప్మా చేశాను. మెట్టుమీద పక్కపక్కన కూర్చుని తిన్నాం. నేను అడిగింది ఇదే. నాకు పూర్తిగా దక్కింది.

ఏలూరుకి తిరుగు ప్రయాణంలో ఒక ఊరి మలుపులో నలుగురు నిలబడి ఉన్నారు. ఆటో రాలేదో, బస్సు వెళ్ళిపోయిందో. అందులో ఒక అమ్మాయి, కాలికి కట్టుతో ఉన్న వాళ్ళ అమ్మని పొదివి పట్టుకుని ఉంది. ఎర్ర బండి చూసి ఆ అమ్మాయి చెయ్యెత్తింది. మా ఆయన కాలు బ్రేకు దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. నా వైపు చూశారు.

"ఆపండి" అన్నాను.

తలుపు సరిగ్గా వాళ్ళ ఎదురుగా ఆగింది. నేను కిందికి దిగాను.

"ఏలూరు ఆస్పత్రికండీ. వెళ్ళుద్దాండీ?" అంది ఆ అమ్మాయి.

"వెళ్ళుద్దమ్మా. అమ్మని ముందు ఎక్కించు. కాలు చాపుకోవచ్చు" అని ఆ పెద్దావిణ్ణి చెయ్యిపట్టి నా సీట్లో కూర్చోబెట్టాను. మిగతావాళ్ళని వెనక ఎక్కించి, నేనూ వెనకే ఎక్కాను. మంచం మీద, ఇంచుమించు మూడో వరస ఉండాల్సిన చోట, కిటికీ పక్కన చోటు చూసుకుని పూల తెర పక్కకి లాగి కూర్చున్నాను.

వ్యాను కదిలింది. తలెత్తి చూశాను. డ్రైవరు నెత్తిమీది అద్దంలో ఆయన కళ్ళు నన్నే చూస్తున్నాయి. నా జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, మొహం మీద ఉప్మా పొయ్యి సెగ ఇంకా ఆరలేదు. అయినా చూస్తున్నారు.

"ఏవండీ, డ్రైవరుగారు అస్తమానం అద్దంలోకే చూస్తన్నారేంటండీ?" అంది నా పక్కనున్నామె, కాస్త భయంగా.

"ఏవండీ!" అని గట్టిగా కేకేశాను. "ముందు గడ్డి బండి ఉందేమో చూసుకోండి!"

గబుక్కున చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నారు. వెనకనుంచి ఆయన చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. కొంచెం దూరం వెళ్ళాక, మళ్ళీ చూశారు.