కుర్చీ తిప్పి కూర్చున్న సార్

మా కోచ్ సార్ పోయారు. మొన్న పొద్దున నేను షాద్‌నగర్ బస్టాండులో ఉండగా, పాత జట్టులో నాతో ఆడిన అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, సార్ ఇగ లేడు" అంది. బస్సెక్కాను. శంషాబాద్‌లో దిగడం మరిచి అత్తాపూర్ దాకా వెళ్లిపోయాను.

శంషాబాద్‌లో మా డిగ్రీ కాలేజీ అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పిన మనిషి ఆయన. కప్పులు పెద్దగా రాలేదు. ప్రిన్సిపాల్ నిలదీస్తే, "కప్పు బీరువాల ఉంటది సార్, పిల్ల బయట తిరుగుతది" అనేవారు.

నా ఆట మొదటిసారి చూసి, "బేటా, నీకు ఒక్క చెయ్యే ఉన్నది" అన్నారు. మూడు నెలలు ఎడమచేత్తోనే ఆడించారు. పళ్లు తోముకోవడం, తల దువ్వుకోవడం కూడా దాంతోనే. నాకేదో గాలి సోకిందని మా అమ్మ దిష్టి తీసింది.

ఆయన అలవాటు ఒకటి నాకు ఒళ్లు మండించేది. ఆటలో ఆఖరి రెండు నిమిషాలు మిగలగానే కుర్చీ తిప్పి, మాకు వీపు పెట్టి కూర్చునేవారు. "నేను చూస్తుంటె మీరు నన్ను చూస్తరు, బంతిని చూడరు" అనేవారు. మీకిది మొండితనంలా తోస్తుందేమో, మాకూ అలాగే తోచేది.

2010లో కాలేజీల పోటీ ఫైనల్ మా కోర్టులోనే జరిగింది. యూనివర్సిటీ జట్టుకు ఎంపిక చేసేవాళ్లు ముందు వరుసలో కూర్చున్నారు. ఇంట్లోంచి బయల్దేరుతుంటే మా బాపు చెప్పాడు: "ఈసారి తీస్కుంటె సరే. లేకుంటె ఇగ ఆట బంద్." బాపు ఊరికే బెదిరించే మనిషి కాదు.

ఒక్క పాయింటు వెనకున్నాం. సార్ కుర్చీ తిరిగిపోయింది. ఆఖరి సెకన్లలో బంతి నా చేతిలో ఉంది, ఇద్దరు నా కుడివైపు మూసేశారు. టైమౌట్ అడగాల్సింది ఆయనే. "సార్, టైమౌట్ తీస్కోండి!" అని అరిచాను. వీపు కదల్లేదు. నెత్తి మీద విమానం దిగుతోంది, వినపడలేదేమోనని మళ్లీ అరిచాను. ఆ క్షణాన ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. చూడటానికి ఇక ఎవరూ లేక బంతిని చూశాను. ఎడమకు తిరిగి ఎడమచేత్తో వేశాను. బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగి బయటపడింది.

ఓడిపోయాం. నన్ను తీసుకోలేదు. సార్‌తో మాట్లాడకుండా వెళ్లిపోతుంటే, బెంచీ వెనక కూర్చుని చూసిన లైబ్రరీ మేడమ్ ఆపింది. "మీ సార్ మొహం నేను చూసిన. నువ్వు అరిచినప్పుడల్లా కండ్లు మూసుకున్నడు. విజిల్ పిడికిట్ల ఎంత గట్టిగ పట్టుకున్నడంటే, గోర్లు తెల్లగైనయి" అంది.

మర్నాడు మొదటి బస్సుకే సార్ మా ఇంటికొచ్చారు. బాపు కుర్చీ వేశాడు గానీ పలకరించలేదు.

"అన్నా, నీ బిడ్డ ఓడిన మాట నిజమే. కానీ రాని చేత్తోని వేసింది. ఎవరూ చెప్పకుండ వేసింది. జర ఒక్క ఏడు ఇయ్యి."

బాపు "ఒక్క ఏడే" అన్నాడు.

బాపు ఇచ్చిన ఆ ఏడాదిలోనే యూనివర్సిటీ జట్టుకు ఎంపికయ్యాను. ఇప్పుడు రావిర్యాల దగ్గర స్కూల్లో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. నా బతుకంతా ఆయన అడిగి తెచ్చిన ఆ ఒక్క ఏడు మీదే నిలబడింది.

పది రోజుల కింద సార్‌ను చూడటానికి దవాఖానకు వెళ్లాను. మర్నాడు మా పిల్లల మొదటి మ్యాచ్. భయంగా ఉందని, ఎవరిని ఆడించాలో చెప్పమని అడిగాను. సార్ నన్ను చూసి నవ్వారు. తర్వాత మంచం ఊచ పట్టుకుని, ఆయాసపడుతూ, మెల్లగా గోడవైపు తిరిగి పడుకున్నారు. మళ్లీ ఆ వీపే. ఈసారి కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

ఉండబట్టలేక అవతలికి తొంగిచూశాను. కళ్లు మూసుకుని ఉన్నారు. దుప్పటి మీద ఆయన పిడికిలి గోళ్లు తెల్లబడేంతగా బిగుసుకుని ఉంది. అందులో విజిల్ లేదు.