పెద్ద నిమ్మకాయకు హద్దు

ఈ మధ్య హోటళ్ళలో నిమ్మరసం అడిగితే గ్లాసు నిండా ఐసుముక్కలే. నిమ్మకాయ అటువైపుగా నడిచి వెళ్ళినట్టు వాసన మాత్రం ఉంటుంది. అయినా గొడవ పెట్టుకోను. నిమ్మకాయల గురించి మాట్లాడే అర్హత నాకెప్పుడో పోయింది.

ఆ రోజుల్లో, డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, లోకమంతా తప్పుగా నడుస్తోందనీ, దిద్దడం నా వంతనీ అనిపించేది. దిద్దడానికి నాకు దొరికింది ఉత్తర చెన్నైలో మా నాయన నడిపే నిమ్మకాయల టోకు అంగడి ఒక్కటే. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో చేరతానంటే, "నీ చదువుతో అంగడికి ఒక్క ఉపయోగం చూపించు, చేరుదువు. లేదంటే రేపట్నుంచి ఈడే కూర్చో," అన్నాడు నాయన. అదే వారం ఒక హోటలాయన, పది కాయలకు ఒకటి చొప్పున, అన్నిటికంటే పెద్ద కాయలు ఏరి పెట్టమన్నాడు. నాయనైతే చేత్తో ఏరేవాడు. నేను అంబత్తూరు ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుడి దగ్గర కాలిపర్ అరువు తెచ్చి బుట్టెడు కాయలు కొలిచాను. సగటు నలభై మిల్లీమీటర్లు, ప్రామాణిక విచలనం, అంటే సగటుకు అటూ ఇటూ ఉండే తేడా, నాలుగు. ఇక నార్మల్ పట్టికలో పై పది శాతానికి హద్దు వెతకడమే మిగిలింది. నా దగ్గర మూడు పుస్తకాలున్నాయి. మూడింటిలోనూ గుడిగంట ఆకారపు బొమ్మ ఒకటే; పట్టిక లెక్కపెట్టే భాగానికి వేసిన రంగు మాత్రం ఒకదాంట్లో ఎడమవైపు, ఒకదాంట్లో కుడివైపు, మూడోదాంట్లో మధ్య నుంచి. (ఆ ముగ్గురు రచయితలు ఎప్పుడూ కలుసుకున్నట్టు లేరు.) చాలాసేపు తికమకపడి, పది శాతమే కదా అని, ఎడమవైపు రంగున్న మొదటి పుస్తకంలో 0.10 దగ్గర వేలు పెట్టాను. మైనస్ 1.28 వచ్చింది. మైనస్ ఎందుకో అర్థం కాలేదు. పుస్తకానికి తెలుసులే అనుకున్నాను. దాన్ని నాలుగుతో గుణిస్తే దాదాపు ఐదు; నలభైలోంచి ఆ ఐదు తీసేసి, అట్టకు ముప్పై ఐదు మిల్లీమీటర్ల రంధ్రం కోశాను. దూరినవి చిన్నవి, నిలిచినవి పెద్దవి.

హోటలాయన ఎదుటే కాయలు పోశాను. గోలీల్లాంటివి కొన్ని దూరాయి. మిగతావన్నీ పైనే కూర్చున్నాయి.

"ఏందిరా, అన్నీ పెద్దవేనా?" అన్నాడు నాయన.

"ఈసారి సరుకు మంచిదొచ్చింది నాయనా."

హోటలాయన అట్ట మీద నిలిచిన కాయ ఒకటి తీసి వెలుతురులో చూసి, నాయన వైపు తిరిగాడు. "మా సాంబారులో వేసే చిన్న ఎర్రగడ్డ దీనికంటే పెద్దగా ఉంటాది, మొదలాళీ!"

పెద్దవాటిని ఏరబోయి చిన్నవాటిని ఏరేశాననీ, మైనస్ బదులు ప్లస్ పెట్టుకుని నలభై ఐదు దగ్గర కోయాల్సిందనీ అప్పుడు వెలిగింది. చెబుదామని నోరు తెరిచాను గానీ, ఆపాటికే నా ఎమ్మెస్సీ ఆ రంధ్రంలోంచి జారిపోతూ కనిపించింది.

ఇప్పుడు అదే పట్టిక కాలేజీలో పిల్లలకు చెబుతున్నాను. బోర్డు మీద గంట బొమ్మ గీశాక, ఏ పక్క రంగు వేయాలో తేలక సుద్దముక్క ఒక్క క్షణం ఆగుతుంది. అట్ట పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నాయన ఆ రోజు కోప్పడను కూడా లేదు. అట్ట నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, పెద్ద కాయలు తనే ఏరుతూ అన్నాడు:

"నువ్వు పోయి చదువుకోరా సామీ. ఈడ కూర్చుంటే అంగడి మూసేయాల."