చెరువు చిరునామా చెప్పినందుకు

మొన్న సాయంత్రం కొత్తగూడ ఫ్లైఓవర్ మీద బండ్లన్నీ కదలకుండా నిలిచిపోయినప్పుడు, పక్క సీట్లో ఫోను చూసుకుంటున్న మా మేనకోడలు, హైదరాబాదు పక్కనే ఎవరికీ తెలియని చెరువట మామయ్యా, ఈ ఆదివారం వెళ్దామా అని అడిగింది. వీడియో నా వైపు తిప్పి చూపించింది కూడా. అది నేనెరిగిన చెరువు కాదు. అయినా ఆ "ఎవరికీ తెలియని" అన్న మాట చెవిన పడగానే నా కుడి భుజం సన్నగా సలిపింది. ఎండగా ఉంటుందమ్మా అని దాటవేశాను. ఆ పిల్లకు చెప్పలేనిది, నాతోపాటు ఆ రోజుల్లో ఈ ఊరికి వచ్చి, ఈ ఊళ్లోనే తల నెరిసిన మీకు చెప్పుకోవాలనిపించింది.

కాకినాడ నుంచి వచ్చి మణికొండలో ఒక చిన్న వాటా కిరాయికి తీసుకుని, ఉద్యోగమూ కొత్తే, పెళ్లీ కొత్తే అయిన రోజులవి. ఉద్యోగం ఇప్పించినది మా పెద్దమ్మ కొడుకు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, చిన్నప్పటి నుంచి అన్నయ్య ఏది చేస్తే అది చెయ్యడం నాకు అలవాటు. ఆఫీసు పని మీద పై దేశానికి వెళ్లి వచ్చినవాడు అందరిలా చాక్లెట్లు, సెంటు సీసాలు కాకుండా పెద్ద సంచుల్లో రెండు గాలిపటాలు తెచ్చాడు. అవి మనం డాబాల మీద ఎగరేసే కాగితపు పటాలు కావు. గుడ్డతో చేసినవి, అంచులో గాలి నింపితే పడవ తెరచాపంత విచ్చుకునేవి. నడుముకు పట్టీ కట్టుకుని, తాటిచెట్టు పొడవున్న తాళ్లతో దాన్ని పట్టుకుని, కాళ్ల కింద ఒక పలక పెట్టుకుంటే గాలి మనిషిని నీళ్ల మీద ఈడ్చుకుపోతుంది. కైట్ సర్ఫింగ్ అంటారు. సముద్రం ఒడ్డున పుట్టిన నేను ఆ ఆట సముద్రం లేని ఊళ్లో నేర్చుకున్నాను.

ఆ ఆటకు చెరువు చూపించినది అన్నయ్య స్నేహితుడు, మేమంతా కొత్తగూడ అన్న అని పిలిచేవాళ్లం. పుట్టింది అక్కడే, పెరిగింది అక్కడే. ఐటీ కంపెనీల అద్దాల మేడలు దాటి, బండల మధ్య మట్టిదారిలో పోతే ఉన్నట్టుండి కనిపించేది ఆ నీరు. ఆషాఢం వచ్చిందంటే పడమటి గాలి ఆగకుండా వీచేది. మేం ముగ్గురమే. వారమంతా తెరల ముందు కూర్చుని వంగిపోయిన నడుములు ఆదివారం ఆ నీళ్ల మీద నిటారుగా నిలబడేవి. మొదటిసారి నా పటం గాలి అందుకుని ఒళ్లు నీళ్ల మీదికి లేచిన రోజున నేను ఏడ్చానంటే మీరు నవ్వకండి. చోటు ఎవరికీ చెప్పకూడదన్నది వాళ్లు పెట్టిన ఒకే ఒక్క నియమం.

నేను చెప్పాను. చెడు తలపుతో కాదు. నెట్లో అలాంటి ఆటల వాళ్ల పేజీ ఒకటి ఉండేది, అందులో ఎవరో హైదరాబాదులో గాలి ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఇంత ఆనందాన్ని దాచుకోవడం పాపమనిపించి, వీడియో పెట్టి, దారి కూడా రాశాను. పై ఆదివారానికి కార్లు బారులు తీరాయి. పటాలున్నవాళ్లు కొందరు, ఊరికే చూడవచ్చినవాళ్లు ఎక్కువమంది. బీరు సీసాలు, బిర్యానీ పొట్లాలు, పాటలు. కొత్తగూడ అన్న ఒడ్డున నిలబడి చూసి, నా దగ్గరికొచ్చి అన్న మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

"నిన్ను నేను తోల్కొచ్చిన, నువ్వేమో ఊరంత డప్పు గొట్టినవ్. మా పొలాలు పొయినయ్, మా బండలు పొయినయ్. ఇగ గీ చెర్వు గూడ మీకే గావాల్నా?"

నేను ఆ పోస్టు తీసేశాను. అప్పటికే దాన్ని పదిమంది పంచుకున్నారు. ఆ రోజు వచ్చినవాళ్లకు అన్నయ్యా, కొత్తగూడ అన్నా లోతు లేనిచోట లోతుందని, ఉన్నచోట లేదని చెప్పారు. బాచుపల్లిలో ఏదో బడిలో పాఠాలు చెప్పే ఒకావిడ స్కూటరు మీద ఒంటరిగా వస్తే, మా అన్నయ్యే టైర్లలో గాలి తీసేశాడు. ఆవిడ ఆ మట్టిదారిలో బండిని తోసుకుంటూ పోవడం చూసి కడుపు పట్టుకుని నవ్వాడు.

తరువాతి వారం అన్నయ్య ఫోన్ చేసి, "ఏరా, అలిగావా? జరిగిందేదో జరిగింది, ఆదివారం గాలి బాగుంటుందట, వచ్చెయ్యి" అన్నాడు. ఆ గొంతులో ఉన్న చనువుకు నా ప్రాణం లేచివచ్చింది. మా ఆవిడ తెల్లవారకముందే లేచి ముగ్గురికీ సరిపడా పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది.

ఈ ఆటలో ఒక చిక్కుంది. పటాన్ని పైకి లేపడానికీ, కిందికి దించడానికీ ఒడ్డున ఒక మనిషి కావాలి. దించాలనుకుంటే అరచేత్తో నడినెత్తి మీద తట్టుకోవాలి, అది చూసి ఒడ్డునున్నవాడు వచ్చి పటం అంచు పట్టుకుంటాడు. ఆ రోజు అన్నయ్యే నా పటం లేపాడు. కాసేపటికి గాలి ముదిరింది, మబ్బు కమ్మింది. నేను ఒడ్డుకొచ్చి నెత్తి మీద తట్టుకున్నాను. వాళ్లిద్దరూ వెళ్లి కారులో కూర్చున్నారు. చూడలేదేమో అనుకుని మళ్లీ తట్టుకున్నాను. అద్దం వెనక నుంచి అన్నయ్య తన నెత్తి మీద తాను తట్టుకుని చూపించాడు. ఒడిలో మా పులిహోర డబ్బా ఉంది.

పటాన్ని వదిలించుకునే పిడి ఒకటి ఉంటుంది, లాగవచ్చు. కానీ అది అన్నయ్య పాత పటం, వదిలితే ఎగిరిపోకుండా ఆపే తాడు ఎప్పుడో తెగిపోయింది. గాలి పోయే దిక్కున చెరువుకట్ట, కట్ట మీద బైకులు పోయే రోడ్డు. మాంజా తగిలి గొంతు తెగిన మనుషుల వార్తలు ఈ ఊళ్లో ఎవరికి తెలియవు? వదలలేకపోయాను. గాలి నన్ను ఎత్తి బండ మీద కుదేసింది, మళ్లీ ఎత్తింది. ఒకసారి కొత్తగూడ అన్న కారు తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టడం చూశాను. అన్నయ్య అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగి, తన ఫోను ఎత్తి నన్ను వీడియో తీయడం మొదలుపెట్టాడు. తలుపు మూసుకుంది. రెండోసారి కుదేసినప్పుడు భుజం కీలు తప్పింది.

అప్పుడు వచ్చింది, ఆ స్కూటరావిడ. అంత అవమానం జరిగిన చోటికి మళ్లీ ఎందుకొచ్చిందో, నేను అడగనేలేదు. చెప్పులు విడిచి బండల మీద పరుగెత్తుకొస్తూ, "అన్నా, ఏం జెయ్యాలె? జర గట్టిగ చెప్పుండ్రి, ఇనొస్తలేదు!" అని అరిచింది. నేను ఒంటిచేత్తో పటాన్ని పక్కకు వాల్చి, అంచు పట్టుకోమని అరిచాను. తెలియక ముందు తాడు పట్టుకుంది. గాలికి బిగిసిన తాడు ఆవిడ అరచేతిని కోసేసింది. అయినా వదలకుండా పటం మీద పడి, దాన్ని తన ఒంటితో నేలకు అదిమింది.

దవాఖానలో మా ఇద్దరికీ పక్కపక్కనే కట్లు కట్టారు. ఆవిడ కుడిచేతి రెండు వేళ్లు ఇక ముడుచుకోవని తరువాత తెలిసింది. సుద్దముక్క పట్టుకోవలసిన చెయ్యి. అన్నయ్య ఆ వీడియోకి నవ్వుల పాట జోడించి నెట్లో పెట్టాడు. ఆఫీసులో నేను కట్టుతో నడిచి వెళుతుంటే వెనక నుంచి నెత్తి మీద తట్టుకునేవాళ్లు. పెద్దమ్మతో చెబితే, అన్నదమ్ముల మధ్య సరదాలు కూడా పట్టించుకుంటారా నాయనా అంది. కొత్తగూడ అన్న మాత్రం ఒకరోజు ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "నీ మీద కోపం గాదు తమ్మీ, దిగుదామనుకున్న, దిగలే" అని వెళ్లిపోయాడు. క్షమించమని అడగలేదు. నేనూ క్షమించలేదు.

ఏళ్లు గడిచాక, పోయిన ఆషాఢంలో అతనే ఫోన్ చేసి, ఒకసారి చెరువు చూసొద్దామన్నాడు. ఎందుకో వెళ్లాను. మట్టిదారి లేదు. చెరువు చుట్టూ గోడ, గోడ వెంట టవర్లు, గేటు. అన్నయ్య కొనుక్కున్న ఫ్లాటు ఆ గేటు లోపలే, బాల్కనీ నీళ్ల వైపు. సెక్యూరిటీ అతను మర్యాదగానే అడిగాడు, ఎవల ఇంటికి పోవాలె సార్ అని. చెర్వు జూడనీకి అన్నాడు కొత్తగూడ అన్న. "బయటోళ్లకు పర్మిషన్ లేదు సార్." గేటు లోపల, ఇప్పుడు నడకదారి వేసిన చోటే, కొత్తగూడ అన్న తాత పొలం ఉండేది. అన్నయ్యకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఫోను పట్టుకుని గేటు ముందు నిలబడిన ఆ మనిషిని చూస్తే నాకు జాలి కలగాలి. కలగలేదు, హాయిగా అనిపించింది. ఆ హాయి ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు.

ఆ రోజుల్లో ఆ ఒడ్డు మీద పొమ్మనేవాడికి ఒక ముఖం ఉండేది, దాని వెనక పోగొట్టుకున్న పొలం ఉండేది, అతన్ని ఇన్నేళ్లూ ద్వేషించడానికి నాకు వీలుండేది. ఇప్పుడు పొమ్మన్నవాడు ఏ జిల్లా నుంచో పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడు, వాణ్ణి ఏమని ద్వేషించను? కొత్తగూడ అన్న కారు వెనక్కి తిప్పుతూ, గాలి ఎటు నుంచి వస్తోందో చూద్దామని అద్దం దించాడు. రెండు టవర్ల సందులోంచి వచ్చిన గాలి మా ఇద్దరి ముఖాల మీదా కొట్టి, తన దిక్కేదో తనకే తెలియనట్టు గేటు ముందు దుమ్ములో సుడి తిరిగింది.