నలభై ఎనిమిది కిలోల చాంపియన్లు

ఈ మధ్య బందరులో అరవై దాటిన మగవాళ్లలో ఎవర్ని పలకరించినా, వయసులో ఉన్నప్పుడు బాక్సింగు చేశామనే అంటున్నారు. ఒకాయన షుగరు మాత్ర మింగుతూ చెప్తాడు, ఇంకొకాయన మోకాలికి బెల్టు బిగించుకుంటూ చెప్తాడు. అందరి మాటా నమ్మితే, ఆ రోజుల్లో మా ఊళ్లో జనం ఒకరినొకరు గుద్దుకోవడం తప్ప వేరే పనేమీ చేసినట్టు కనబడదు. నిజానికి మేం పదకొండు మందిమి. గ్లౌజులు రెండు జతలు. ఈ సంగతి నాకు ఖాయంగా తెలుసు, ఎందుకంటే ఆ పదకొండోవాణ్ణి నేనే. గ్లౌజులు నా వంతుకి వచ్చేసరికి పదిమంది చెమట పీల్చుకుని, నా చెయ్యి లోపలికి వెళ్లగానే బురదలో కాలు పెట్టినట్టు చప్పుడు చేసేవి.

మాది దివిసీమలో, అవనిగడ్డ దాటి లోపలికి వెళ్తే వచ్చే చిన్న పల్లె. మా నాన్న మిషను బడిలో పంతులు. డిగ్రీ చదవడానికి నేను బందరు వచ్చి మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. బాక్సింగులో చేరడానికి నాకు గొప్ప ఆశయాలేమీ లేవు. మా అత్త ఇంట్లో సాయంత్రం ఆరింటికి కుటుంబ ప్రార్థన మొదలయ్యేది. మా మావయ్య దేశాన్నేలే పెద్దల దగ్గర్నుంచి మా వీధి చివర కుక్క కరిచిన ముసలాయన దాకా అందరి కోసమూ పేరుపేరునా వేడుకునేవాడు. గంటన్నర పట్టేది. బాక్సింగు కూడా సరిగ్గా ఆరింటికే. దేవుడు నాకు చూపించిన దారి అదేనని అర్థమైంది.

నేర్పే మాస్టారు మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. చర్చిలో సంఘపెద్ద కూడా. చర్చి ఆవరణలో విరిగిన బల్లలు పడేసిన రేకుల షెడ్డు ఒకటుంటే, ఆ బల్లలన్నీ ఒక మూలకి నెట్టి మాకు నేర్పేవారు. దీనికి పాస్టరుగారు ఒప్పుకోలేదు. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించమన్న ప్రభువు ఆవరణలో ఈ గుద్దులాటేమిటని అడిగారట.

"రెండో చెంప చూపించడమే నేర్పుతున్నానండీ," అన్నారట మాస్టారు. "మావాళ్లు ఇంకా దెబ్బ కొట్టే దాకా రాలేదు."

అది అక్షరాలా నిజం కాబట్టి పాస్టరుగారు ఊరుకున్నారు.

గుప్పిట బిగించేటప్పుడు బొటనవేలు బయటే ఉండాలి, లోపలుంటే విరుగుతుందన్నది మాస్టారి మొదటి పాఠం. గుద్దడానికి మాకో సంచీ వేలాడదీశారు. మొదట అందులో ఇసుక పోశారు. మూడోరోజుకి మాలో నలుగురు అన్నం ఎడంచేత్తో తినే పరిస్థితి వచ్చింది. అప్పుడు ఇసుక తీసేసి రైసుమిల్లు నుంచి తెచ్చిన తాలు నింపారు. తాలులో గట్టి గింజలు కొన్ని ఉంటాయన్న ఆలోచన, వరి పండే జిల్లాలో పుట్టిన పదకొండుమందిలో ఒక్కడికీ రాలేదు. వానాకాలంలో షెడ్డు కారింది. పది రోజులకి మా సంచీకి పక్కల్నించి పచ్చగా మొలకలొచ్చాయి. బాక్సర్లు గుద్దిన సంచులు చిరగడం విన్నాను గానీ, మొలకెత్తడం మా దగ్గరే చూశాను. మా దెబ్బ ఎలాంటిదో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

మాలో అసలైన చాంపియన్ ఒకడుండేవాడు. బంటుమిల్లి నుంచి వచ్చేవాడు, వాళ్లకి చేపల చెరువులున్నాయి. తొంభై కిలోలు. వరసగా మూడేళ్లు జిల్లా చాంపియన్, మూడు బంగారు పతకాలు. ఆ మూడేళ్లలో అతను ఎవర్నీ ఒక్క గుద్దు గుద్దలేదు. అతని బరువులో పోటీకి వచ్చినవాడు జిల్లా మొత్తం మీద అతనొక్కడే. రింగులోకి ఎక్కడం, ఎదురుగా ఖాళీ మూల వైపు చూడటం, రెఫరీ చెయ్యి పైకెత్తడం, దిగి వచ్చి భోంచెయ్యడం. ఇదీ అతని ఆట. రాష్ట్ర పోటీలకి పిలుపొచ్చినప్పుడల్లా, చెరువుల్లో చేపలు పట్టే రోజులని చెప్పి ఎగ్గొట్టేవాడు.

నేను చేరిన రెండో ఏడు జిల్లా పోటీలు గుడివాడలో పెట్టారు. అప్పుడు ఆ చాంపియన్ నన్ను పక్కకి పిలిచి, నలభై ఎనిమిది కిలోల బరువులో ఎన్నాళ్లుగానో ఎవరూ రావడం లేదనీ, ఆ బరువుకి దిగితే పతకం నాదేననీ చెప్పాడు. తన సొంత అనుభవంతో చెప్తున్నానన్నాడు. అప్పటికి నేను యాభై ఒక్క కిలో. ఎవరితోనూ తన్నులు తినకుండా జిల్లా చాంపియన్ కావడానికి మధ్యన అడ్డున్నది మూడు కిలోల మాంసం. అది నా ఒంటి మీదే ఉంది కదా అనుకున్నాను. మాస్టారితో చెప్తే నన్ను పైనుంచి కిందకి చూసి, సరేనన్నారు. ఎందుకని అడగలేదు.

మూడు వారాలు అన్నం మానేశాను. పొద్దున్నే రగ్గు కప్పుకుని మంగినపూడి రోడ్డు మీద పరిగెత్తేవాణ్ణి. పొలాలకి వెళ్లేవాళ్లు ఆగి, చలిజ్వరమా అబ్బాయీ, ఆసుపత్రి అటు కాదని చెప్పేవారు. మా అత్త మొదట పచ్చకామెర్లనుకుని ఏదో ఆకు పసరు పోసింది. తర్వాత ప్రేమ వ్యవహారమనుకుని మా నాన్నకి ఉత్తరం రాసింది. మావయ్య ప్రార్థనలో నా పేరు, కుక్క కరిచిన ముసలాయన పేరు తర్వాత చేరింది. వీధి చివరి హల్వా కొట్టు ముందునుంచి వెళ్లలేక పక్క సందులోంచి తిరిగి కాలేజీకి వెళ్లాను. ఒలింపిక్సుకి వెళ్లేవాళ్లు కూడా ఇంత నిష్ఠగా ఉంటారనుకోను. వాళ్లు కొట్లాడటానికి కడుపు మాడ్చుకుంటారు, నేను కొట్లాడకుండా ఉండటానికి మాడ్చుకున్నాను.

పోటీల రోజు పొద్దున పాసింజరులో బయల్దేరాం. ఇంకా పావుకిలో ఎక్కువుందేమోనని అనుమానం. మాస్టారు నా నోట్లో చింతపండు పెట్టి, ఊరిన ఉమ్మి ఊరినట్టు బయటికి ఉమ్మేయమన్నారు. బందరు నుంచి గుడివాడ దాకా కిటికీలోంచి ఉమ్ముతూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నాకు ఎన్నో నెలని అడగలేదు గానీ, చూపు మాత్రం అలాగే ఉంది. పక్కన మా హెవీ వెయిట్ చాంపియన్ వేడి వడలు తింటున్నాడు. అతను బరువు పెరిగినా అతని పతకానికి ఢోకా లేదు.

గుడివాడలో ఒక స్కూలు ఆవరణలో రింగు కట్టారు. కింద వరిగడ్డి పరిచి, పైన లారీ టార్పాలిను లాగి కట్టారు. చుట్టూ తాళ్ల బదులు పడవ మోకులు. బరువు చూడటానికి మిల్లులో ధాన్యం బస్తాలు తూచే కాటా తెప్పించారు. దాని మీద తూచేవాడూ మిల్లు మనిషే. నేను ఒట్టి లాగుతో ఎక్కి నిలబడితే రాయి సర్దుతూ, నేనేదో తడిసిన ధాన్యమైనట్టు అనుమానంగా చూశాడు. చివరికి నలభై ఎనిమిదికి సరిపోయానన్నాడు. అప్పుడు నాకు కలిగిన ఆనందం తర్వాత నా పెళ్లిలో కూడా కలగలేదు. దిగి వచ్చి సంచీలోంచి అరటిపండు తీశాను.

సగం తినేసరికి, కాటా మీదకి ఇంకొకడు ఎక్కాడు. చెరకు గడలాంటి మనిషి. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. మూతికి చింతపండు అంటుకుని ఉంది. మిల్లు మనిషి నలభై ఎనిమిదని గట్టిగా అన్నాడు. నేను అరటిపండు తొక్క మళ్లీ మూసేశాను. అతను దిగి నా వైపు చూశాడు. నా మూతి మీద చింతపండూ చూశాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"నువ్వూ నలభై ఎనిమిదేనా?" అన్నాడు.

అవునన్నాను.

"ఎవరూ రారన్నారు బావా," అన్నాడు. ఆ గొంతులో ఉన్న దిగులు నాకు తెలిసినంత బాగా ఆ గుడివాడలో ఇంకెవరికీ తెలియదు.

అతనిది ఉయ్యూరు. ఫ్యాక్టరీకి చెరకు తోలే రైతుల ఇల్లు. అతనికీ అక్కడి సీనియరొకడు ఇదే రహస్యం చెప్పాడు. అతనూ మూడు వారాలు అన్నం మానేశాడు. వాళ్లమ్మ అతన్ని గుడికి తీసుకెళ్లి తాయెత్తు కట్టించిందట. మిగిలిన అరటిపండు అతనికిచ్చాను. స్కూలు గోడ పక్కన కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. మూడు రౌండ్లు, రౌండుకి రెండు నిమిషాలు. మెల్లగా తట్టుకుందాం, ముఖం జోలికి వద్దు, ఎవరు గెలిచినా రెండోవాడు ఏమీ అనుకోకూడదు. ఇంత మర్యాదైన ఒప్పందం దేశాల మధ్య కూడా జరిగి ఉండదు.

మొదటి రౌండు ఒప్పందం ప్రకారమే జరిగింది. ఒకరి భుజాలమీద ఒకరం దుమ్ము దులిపినట్టు తట్టుకున్నాం. జనం కాసేపు ఓర్చుకున్నారు. రెండో రౌండులో ఎవరో, వీళ్లిద్దరికీ పెళ్లి చూపులు ఎప్పుడయ్యాయని అడిగారు. ఇంకొకరు కోలాటం కర్రలు తెప్పించమన్నారు. రెఫరీ ఆపి, ఆడితే ఆడండి, లేదంటే ఇద్దర్నీ బయటికి పంపిస్తానన్నాడు. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, నన్ను కాకుండా నేలని చూస్తున్నారు. అలా ఆయన తల దించుకోవడం ఎప్పుడూ చూడలేదు.

మూడో రౌండు మొదట్లో అతని కాలు టార్పాలిను మడతలో చిక్కుకుంది. తూలి ముందుకి పడబోతూ చెయ్యి విసిరాడు. అది నా ముక్కు మీద తగిలింది. ఒప్పందం ఉల్లంఘించే ఉద్దేశం అతనికి లేదని ఇవాళ్టికీ నమ్ముతాను. కానీ పెదవి మీదకి ఉప్పగా రక్తం దిగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, జనం మొదటిసారి సంతోషంగా అరిచారు. మూడు వారాల ఆకలంతా ఒక్కసారి నా చేతుల్లోకి వచ్చింది. కుడిచేత్తో అతని దవడ మీద కొట్టాను. అతను నన్ను నమ్మకద్రోహిని చూసినట్టు చూసి, వెంటనే నా పొట్టలో కొట్టాడు. ఆ తర్వాత నిమిషమున్నర ఏం జరిగిందో పూర్తిగా చెప్పలేను. గడ్డి మెత్తగా ఉండటం, కాళ్లు దిగబడటం, అతని ఊపిరి నా చెవి దగ్గర వినబడటం గుర్తుంది. ఒక్కసారి ఎడంచేత్తో అడ్డుకుని కుడిచేత్తో కొట్టడం, షెడ్డులో వందసార్లు చేసినా రానిది, దానంతటదే వచ్చింది. భయం వెయ్యలేదు. అంతకుముందు గానీ తర్వాత గానీ నేను అంత భయం లేకుండా ఎప్పుడూ లేను.

గంట కొట్టాక ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని నిలబడ్డాం, పడిపోకుండా. పాయింట్ల మీద అతను గెలిచాడు. మొదట నా ముక్కు మీద తగిలిన దెబ్బకి వచ్చిన పాయింటే కారణమని నా నమ్మకం.

మాస్టారు నా గ్లౌజులు విప్పారు. తర్వాత, "మొదటి రెండు రౌండ్లూ ఏం చేశావో నాకు తెలుసు," అన్నారు. "మూడోది నేను నేర్పింది." అంతే. నా ముక్కు తుడిచి తువ్వాలు నాకే ఇచ్చేశారు.

గెలవడం వల్ల కష్టాలన్నీ అతనికే వచ్చాయి. జిల్లా చాంపియన్ కాబట్టి రాష్ట్ర పోటీలకి వెళ్లాలి. అక్కడ విశాఖ నుంచి వచ్చినవాడు నిజంగా బాక్సరట. రెఫరీ అంకెలు లెక్కపెట్టడం నాలుగు దాకా విన్నాననీ, మిగతావి లెక్కపెట్టారో లేదో తెలియదనీ తర్వాత బందరు వచ్చి నాకు చెప్పాడు. ఓడిపోయి నేనెంత తెలివైన పని చేశానో అని ఇద్దరం అనుకున్నాం. కానీ రాష్ట్ర పోటీల్లో పాల్గొన్నట్టు ఇచ్చిన కాగితం అతనికి స్పోర్ట్సు కోటాలో సర్కారు ఆఫీసులో ఉద్యోగం తెచ్చిపెట్టింది. నలభై సెకన్లు నిలబడి, మిగతా సమయం పడుకున్నందుకు ముప్పై మూడేళ్ల సర్వీసు. నేను బీయీడీ చదివి, పంతులు పని చేసి, పిల్లల చేత తిట్లు తిని రిటైరయ్యాను. ఇద్దరం స్నేహితులుగానే ఉన్నాం. బావా అనే పిలుపు అలాగే నిలబడిపోయింది.

పోయిన ఏడాది ఇద్దరం కలిసి మాస్టార్ని చూడ్డానికి వెళ్లాం. చిలకలపూడిలో కూతురి దగ్గర ఉంటున్నారు. తొంభైకి దగ్గరపడ్డారు. మనుషులు గుర్తుండటం, ఉండకపోవడం ఆ రోజుని బట్టి ఉంటుందని ఆవిడ ముందే చెప్పారు. మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. మాస్టారు నన్ను చాలాసేపు చూసి, కూతురితో అన్నారు:

"ఇతను గుడివాడలో ఉయ్యూరు వాణ్ణి కొట్టి గెలిచాడమ్మా. మంచి ఫైటు."

నేను కాదని చెప్పబోయాను. పక్కన కూర్చున్న జిల్లా చాంపియన్ నా మోచెయ్యి నొక్కాడు.

"అవునండీ, బాగా కొట్టాడండీ," అన్నాడు. "నేనక్కడే ఉన్నాను."

మాస్టారు అతని వైపు తిరిగి, మీరూ బాక్సింగేనా అని అడిగారు. లేదండీ, ఊరికే చూడ్డానికి వెళ్లానన్నాడు. మాస్టారు తలాడించి, ఎడంచెయ్యి గడ్డం దగ్గర పెట్టి, కుడిచెయ్యి గుప్పిట బిగించి, నేను ఎలా కొట్టానో అతనికి చూపించారు. ఎవరు గెలిచారో ఆయనకి గుర్తులేదు. అయినా బొటనవేలు బయటే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అతను, ఈ మాట ఊళ్లో ఎక్కడా అనొద్దనీ, సర్వీసు రిజిస్టరులో తను గెలిచినట్టే ఉందనీ, పెన్షను వస్తోందనీ నన్ను హెచ్చరించాడు. అననన్నాను. రైల్వే గేటు పడి ఆటో ఆగింది. కాసేపటికి, ఆయన చెయ్యి చూశావా బావా, అన్నాడు. చూశానన్నాను. రైలు వెళ్లి, గేటు లేచేదాకా ఇద్దరం ఎవరి గుప్పిట వాళ్లం బిగించి, బొటనవేలు ఎక్కడుందో చూసుకున్నాం.