అన్నం మెతుకులతో అంటించిన నంబర్లు

మా కోడలు భారతికి వంట రాదని పెళ్ళయిన కొత్తలో వీధంతా చెప్పాను. ఇప్పటికీ రాదు. చారు పెడితే పులుపు ఒక దారి, ఉప్పు ఒక దారి. కానీ మనిషి ముఖాన్ని, గొంతును పోకుండా దాచడంలో మార్కాపురంలో దాన్ని మించినవాళ్ళు లేరు. అదీ వీధంతా చెప్పాను, దాని ఎదుట తప్ప.

అది పెళ్ళిళ్ళకూ బాప్తిస్మాలకూ వీడియోలు తీస్తుంది. కెమెరా సంచి భుజాన వేసుకుని ఒకరోజు కొమరోలు బస్సెక్కుతుంది, ఒకరోజు పుల్లలచెరువు బస్సెక్కుతుంది. తీసింది ఇచ్చేసి చేతులు దులుపుకోదు. అందరివీ మా ముందుగదిలోని నల్లపెట్టెలో దాస్తుంది. ఆ పెట్టెకు నాలుగు సరుగులు, సరుగుకొక హార్డ్ డిస్కు, ప్రతిదాని ముందూ ఒక పచ్చ దీపం. నాలుగింట్లో ఒకటి చచ్చినా మిగతా మూడూ దాని బరువు మోస్తాయని, రెండు పోతే మాత్రం దాచినదంతా పోతుందని నాకు చెప్పింది. ఉమ్మడి కాపురం లాంటిదే అనుకున్నాను.

క్రిస్మస్ ముందు ఇంటికి సున్నం కొట్టించాం. భారతి పెట్టెను ఆపి, గుడ్డ కప్పి, కొమరోలు పెళ్ళికి పోయింది. గుడ్డ జారిపోయి పెట్టె మీద సున్నం పడింది. నేను పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు చేసినదాన్ని. మరక కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. సరుగులన్నీ బయటికి లాగి కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. డిస్కుల మీద కంపెనీవాళ్ళు నంబర్లు వేసి అంటించిన కాగితాలు ఊడొచ్చాయి. సరుగుల ముందు భారతి ఆ నంబర్లే రాసి అంటించిన చీటీలూ ఊడొచ్చాయి. కంపెనీ కాగితాలు పొయ్యిలో వేసి, చీటీలు మాత్రం అన్నం మెతుకులతో మళ్ళీ చక్కగా అంటించాను. ఏ చీటీ ఏ సరుగుదో, ఏ సరుగు ఎక్కడిదో నాకేం తెలుసు? నా చదువు నా పేరు రాసేంత.

సాయంత్రం అది వచ్చి స్విచ్ వేస్తే దీపాలన్నీ వెలిగాయి. డిస్కులు చోటు మారినా పెట్టె తన డిస్కుల్ని తానే గుర్తుపడుతుందట. అందుకని ఎవరికీ ఏమీ తెలియలేదు. నేనూ చెప్పలేదు.

ఫిబ్రవరిలో పుల్లలచెరువు దగ్గరి నాగవేణి ఫోన్ చేసింది. గొర్రెలు కాసుకునే వాళ్ళ నాయన ఓబులయ్య చనిపోయాడు. ఆరేళ్ళ కిందట ఆమె పెళ్ళి పందిట్లో ఆయన నిలబడి పాడాడు. ఆ వీడియో ఉన్న ఫోను ఎప్పుడో పోయింది.

"అక్కా, ఆదివారం దినం. మా నాయన గొంతు ఒక్కసారి ఇనిపిచ్చక్కా," అని అడిగింది. భారతి సరేనంది.

ఆ రోజే పెట్టె మొరాయించింది. పాట సగం దాకా నకలవుతుంది, అక్కడే నిలిచిపోతుంది. ఒక డిస్కు జబ్బుపడి మిగతా మూడింటినీ వెనక్కి లాగుతోందని, దాన్ని తీసేస్తే తప్ప పని సాగదని భారతి కంప్యూటర్‌లో చూసి చెప్పింది. జబ్బుదాని నంబరు తెర మీద కనిపిస్తోంది. భారతి చీటీలు చూసుకుని పై నుంచి మూడో సరుగు మీద చెయ్యి వేసింది.

బాగున్నదాన్ని లాగితే రెండు పోయినట్టే. ఓబులయ్య గొంతే కాదు, పదేళ్ళుగా దాచిన ముఖాలన్నీ పోతాయి. లేచి దాని మణికట్టు పట్టుకున్నాను.

"ఆగవే," అన్నాను. "ఆ చీటీలు నేను అంటిచ్చినా."

"ఎప్పుడత్తా?"

"సున్నం కొట్టిన రోజు. మెతుకులతో."

అది చీటీని గోటితో గీకింది. ఎండిన మెతుకు రాలింది. లోపలి కంపెనీ కాగితాలైనా ఉన్నాయా అని అడిగింది. పొయ్యిలో వేశానన్నాను. తిడుతుందని నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాను, ఒక్కటీ పనికిరాలేదు. అది లోపలికి పోయి నీళ్ళు తాగి వచ్చింది.

"కళ్ళాపరేషన్ చేపిచ్చినాం గదా," అంది. "ఆ కళ్ళతో వచ్చి ఈడ కూసో."

కంప్యూటర్‌లో నాలుగైదు వరుసలు ఏవో రాసింది. ఒక్కో డిస్కును నంబరు పెట్టి పిలిచి, పది క్షణాలు దాని చేతే చదివించి ఆపే స్క్రిప్ట్ అట అది. చదివేదాని దీపం మాత్రమే రెపరెపలాడాలి. మొదటిసారి నాలుగూ ఒక్కసారే కొట్టుకున్నాయి. చూస్తే నా కొడుకు ఫోన్లోంచి ఫొటోలు పెట్టెలోకి ఎక్కుతున్నాయట. ఆ ఫోను ఆపేసి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఏది కొట్టుకుంటాంది?"

"కింద నుంచి రెండోది."

"గుర్తు పెట్టత్తా. నీ పలకల గుర్తు."

అప్పట్లో ఫ్యాక్టరీలో మాకెవరికీ అక్షరాలు రావు. ఎవరు కోసిన పలకల కట్ట మీద వాళ్ళు సుద్దతో గుర్తు వేసేవాళ్ళం. నాది కోడికాలు, కృష్ణమ్మది నెలవంక, పాపయ్య భార్యది నిచ్చెన. జబ్బుదాన్ని వదిలి బాగున్న మూడింటినే అది పిలుస్తుంటే, దీపం కొట్టుకున్న సరుగుల మీద ఆ మూడు గుర్తులు వేశాను. మూడుసార్లు తిప్పి తిప్పి చదివించింది, మూడుసార్లూ నా గుర్తులు తప్పలేదు. అది చెయ్యి వేసిన మూడో సరుగు మీద నా కోడికాలు ఉంది. గుర్తు లేనిది అన్నిటికంటే పైది.

"లాగనా?" అంది.

"లాగు. తప్పయితే నన్ను తిట్టు," అన్నాను.

లాగింది. దీపాలు మూడూ నిలబడ్డాయి. ఆగిన పాట చివరిదాకా నకలయింది. కొత్త డిస్కు తర్వాత తెచ్చి పెట్టింది.

ఆదివారం నేనూ వెంట పోయాను. వీడియోలో ఓబులయ్య పాడుతూ పాడుతూ మధ్యలో ఆగి, పందిట్లోకి దూరిన మేకను ఎవరన్నా తోలమని కసిరాడు. అక్కడికి రాగానే నాగవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ మొదటి నుంచి పెట్టించుకుంది.

బయలుదేరేటప్పుడు నాగవేణి భారతి చేతులు పట్టుకుంటే, అది నన్ను చూపించింది.

"మా అత్త గుర్తులు పెట్టింది గాబట్టి దొరికింది," అంది.

మెతుకుల సంగతి ఎత్తలేదు. ఇంటికొచ్చాక అది పెట్టిన చారుతో రెండుసార్లు తిన్నాను. ఉప్పు ఎక్కువే. ఆ సంగతి వీధిలో ఎవరికీ చెప్పలేదు.