వలలో పడిన రిమోటు పడవ

కిందటి కార్తీక పౌర్ణమి మరునాడు ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు మావారి రిమోటు పడవను మా ఊరి ఉప్పుకాలువలో వదిలాను. ఆయన పోయాక పదకొండేళ్లు అటక మీదే ఉన్న ఆ బొమ్మకు తుప్పు వదిలించి, రెట్టింపు వేగంతో తిరిగే మోటారు బిగించాను. రిమోటు పనిచేసేది ముప్పై గజాల వరకేనన్న లెక్క మాత్రం మరిచాను.

పడవ సముద్రం వైపు దూసుకుపోతుంటే గట్టు వెంట పరుగెత్తాను.

"పోలయ్యా, వల వెయ్యి!"

జాలరి పోలయ్య ఒక్క విసురుకే పట్టేశాడు. "వల్లో పడింది వలోడిదే గదక్కా! ఇయ్యను పో," అన్నాడు నవ్వుతూ.

నేను బతిమాలాను. "ఒక రౌండు నడుపుకొని ఇచ్చెయ్యి నాయనా."

అతను తొమ్మిది రౌండ్లు తిప్పాడు. తక్కిన జాలర్లు వరుస కట్టారు. ఆయన పోయాక నేను అంతగా నవ్వింది ఆ రోజే.

పోయినవి: నా ఎడమ చెప్పు, పడవ మీది జెండా, పోలయ్య వలలో మోటారుకు చిక్కి తెగిన ఆరు కళ్లు.