సాల్మన్ మాస్టారి వేసవి ప్రయాణం

ఏటా వేసవి సెలవుల్లో సాల్మన్ మాస్టారు పాత రాజ్‌దూత్ బండి మీద నరసాపురంలో బయల్దేరి, దారిలో స్నేహితుల్ని పలకరించుకుంటూ విజయనగరంలో అక్కగారింటి దాకా వెళ్తారు. ఎవరింటికెళ్ళినా కాఫీ తాగి, తువ్వాలుతో మొహాన దుమ్ము తుడుచుకుని లేచి బయల్దేరతారు. పిఠాపురంలో చెల్లెలు ఆశాజ్యోతి దగ్గర మాత్రం ఒక పూట ఆగుతారు. వేరే మతం వాణ్ణి చేసుకుందని అక్క ఆమెతో మాటలు మానేసి ఏళ్ళయింది. మాస్టారు బయల్దేరేటప్పుడల్లా చెల్లెలు ఒకటే అడుగుతుంది.

"అక్క నన్ను తలుచుకుంటుందా అన్నయ్యా?"

"ఎందుకు తలుచుకోదమ్మా!" అంటారాయన కిక్ కొడుతూ.

ఈసారి ఆమె సంచీ సర్దుకొచ్చి ఆయన వెనక ఎక్కి కూర్చుంది. మాస్టారు ఇంజను ఆపేశారు.

"తలుచుకోదమ్మా. నీ పేరే ఎత్తనివ్వదు."

"నాకు తెలుసన్నయ్యా," అంటూ ఆమె ఆయన భుజం పట్టుకుంది. "అయినా చూడాలనుంది. బండి పోనియ్యి."